కారు జారకుండ కాపాడు సాధనము
(తాడేపల్లిగూడెమున పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన ప్రాంతమున రోడ్లు పెక్కు కాలువ గట్ల మీదనే సాగుచున్నవి. ఒక ప్రక్క కాలువ, రెండవ ప్రక్క వరిచేనో చేపల చెరువో ఉండును. దమ్ముల కాలమున ట్రాక్టర్లు చేలలోని బురదను రోడ్డు మీదికి తెచ్చును. కొల్లేటి చేపల లారీలు దారి పొడుగునను నీరు కార్చుచు పోవును. అట్టి చోట గేదె అడ్డము వచ్చినచో డ్రైవరు స్టీరింగును చటుక్కున త్రిప్పును. చక్రము జారును. కారు కాలువలో పడును. ఆ రెప్పపాటు కాలమున డ్రైవరునకు తోడ్పడు సాధనమొకటి నేటి కార్లలో పెక్కింటియందు కలదు. అది చెడినపుడు చేయవలసిన దానిని గురించి నేడు మీకు మనవి చేయదలచినాము.

బ్రేకు త్రొక్కినపుడు చక్రము బిగిసిపోకుండ చేయు ఎ.బి.ఎస్. అను ఏర్పాటు 1978లో జర్మనీలో కార్లకు వచ్చినది. దానిపై ఆధారపడి, కారు ప్రక్కకు జారకుండ చేయు ఇ.ఎస్.పి. 1995లో వెలువడినది. 1997లో స్వీడను దేశమున, ఎదురుగా దుప్పి వచ్చినట్లు భావించి ఒక చిన్న మెర్సిడెస్ కారును త్రిప్పి పరీక్షింపగా అది తలక్రిందులైనది. పిమ్మట ఆ కంపెనీ ఆ రకపు కార్లన్నిటికిని ఈ సాధనమును అమర్చినది. వారికి దుప్పి యెట్టిదో మనకు గేదె యట్టిది.

ఇది పనిచేయు తీరు సులభమే. ప్రతి చక్రము వద్దను ఒక సెన్సారు దాని వేగమును కొలుచును. స్టీరింగు వద్ద నున్న సెన్సారు డ్రైవరు ఎటు పోదలచెనో తెలుపును. కారు నడుమ నున్న మరియొకటి కారు నిజముగా ఎటు తిరుగుచున్నదో తెలుపును. ఈ రెంటికిని పొత్తు కుదరనపుడు యంత్రము ఒక్క చక్రమునకు మాత్రమే బ్రేకు వేయును. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు పగ్గమును బిగబట్టినచో బండి ఆ వైపునకే తిరుగును గదా! ఇదియు అట్టిదే.

సెన్సారు తప్పుడు వార్త చెప్పినచో యంత్రము తన పని మానుకొని, ఎదుట పలక మీద పసుపు దీపమును వెలిగించును. కారు మామూలుగా నడచును, బ్రేకు పడును. అందుచేతనే కొందరు ఆ దీపమును లెక్కచేయరు. దానిపై కాగితము అంటించువారును కలరు. ఇది క్షేమము కాదు. దీపము మూడు విధములుగా మాటలాడును. కారు జారినపుడు మిణుకు మిణుకుమనుట సాధనము పనిచేయుచున్నదనుటకు గుర్తు. విడువక వెలుగుట లోపమునకు గుర్తు. ఆపివేయు మీట నొక్కినపుడు వెలుగునది లోపము కాదు; బురదనుండి బయటపడిన వెంటనే మీటను తిరిగి నొక్కవలయును. పసుపు దీపముతోపాటు ఎఱ్ఱని బ్రేకు దీపముకూడ వెలిగినచో కారును అచ్చటనే ఆపవలయును.

లోపమును వెదకుటకు క్రమము కలదు. మొదట ఖర్చులేనివి చూడవలయును. నాలుగు టైర్లు ఒకే కొలతవియేనా? గాలి సమముగా నున్నదా? బ్రేకు ఆయిలు చాలినంత కలదా? ఫ్యూజు మాడినదా? ఇంజను ఆపియున్నపుడు బ్యాటరీ 12.6 వోల్టుల చేరువను, నడుచునపుడు 14 వోల్టుల చేరువను ఉండవలయును. బ్యాటరీ నీరసించినచో మంచి సెన్సారుకూడ చెడినట్లు కనబడును.

పిమ్మట మెకానిక్కు స్కానరును తగిలించి లోపపు సంఖ్యను చదువును. ఉదాహరణకు సి0035 అనగా ఎడమ ముందు చక్రపు సెన్సారు మార్గమున లోపమని అర్థము. మార్గమున అనుమాటను గమనింపుడు. లోపము సెన్సారులో ఉండవచ్చును, తీగలో ఉండవచ్చును, పంటి చక్రములో ఉండవచ్చును. కనుక సంఖ్య కనబడిన వెంటనే క్రొత్త సెన్సారు కొనరాదు. కారును మెల్లగా నడపి నాలుగు చక్రముల వేగములను స్కానరులో పోల్చవలయును. మూడు 20 కిలోమీటర్లు చూపి ఒకటి సున్న చూపినచో దొంగ దొరికినట్లే.

ఆ చక్రమును విప్పి బురదను కడుగవలయును. కనెక్టరులో ఆకుపచ్చని చిలుము పట్టినదేమో చూడవలయును. వేసవిలో ఉప్పుటేటి గుండ సముద్రపు నీరు కొల్లేటి వైపునకు ఎగదన్నును. ఉప్పునీరు తగిలిన తీగ త్వరగా తినబడును. సెన్సారు క్రింద త్రుప్పు పొంగి ఎడము పెరిగినను వార్త అందదు. తీగచుట్ట గల పాతరకపు సెన్సారును ఓము మీటరుతో కొలువవచ్చును. క్రొత్తరకపు దానికి ఆ పరీక్ష పనికిరాదు, చెరుపు చేయవచ్చునుకూడ. అయస్కాంతపు వలయము గల బేరింగును మార్చునపుడు ఆ వలయమును సెన్సారు వైపునకే ఉంచవలయును. చక్రముల అమరిక సరిచేయించిన తరువాత దీపము వెలిగినచో స్టీరింగు సెన్సారునకు సున్న స్థానమును స్కానరుతో తిరిగి నేర్పించిన సరిపోవచ్చును. చివరకు సంఖ్యను చెరిపి, కారును కొంతదూరము నడపి, అది మరల రాకున్ననే పని పూర్తియైనట్లు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో కార్లనేకము నీట మునిగినవి. పాతకారు కొనువారు తాళము త్రిప్పగానే ఈ దీపము వెలిగి, కొలది క్షణములలో ఆరుచున్నదేమో చూచుకొనవలయును. అసలే వెలుగనిచో ఎవరో దానిని తొలగించి యుండవచ్చును.

సభ్యులారా! మీరు చేయదగిన పనులును కలవు. గ్రామమున బడిపిల్లలను, రోగులను తీసికొనిపోవు వాహనముల డ్రైవర్లను పిలిచి ఈ దీపమును గురించి అడుగుడు. మరమ్మతుకు ముందును తరువాతను లోపపు సంఖ్యను కాగితముపై వ్రాయించుకొనుడని యజమానులకు చెప్పుడు. దమ్ము చక్రములతో ట్రాక్టర్లను రోడ్డెక్కనీయకుడు. రోడ్డుపై పడిన బురదను ఆనాడే తీయించుడు. గట్టు మలుపులయందు రాళ్లు పాతించుడు. సాధనమెంత గొప్పదైనను జారుడు నేలను గట్టినేల చేయజాలదు. అరిగిన టైరునకును, మితిమీరిన వేగమునకును అది మందు కాదు. రోడ్డును మీరు, వాహనమును యజమాని, వేగమును డ్రైవరు చూచుకొన్ననాడు మన కాలువలలో నీరు మాత్రమే పారును.