కట్టేవారి క్షేమం

(తెలుగు తరగతి విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం)



మిషిగన్‌లో ఉన్నవి రెండే కాలాలని ఇక్కడివాళ్లు హాస్యంగా చెప్పుకుంటారు. ఒకటి చలికాలం, రెండవది రోడ్లు వేసే కాలం. మంచు కరగగానే మన నోవైలో నారింజరంగు పీపాలు బారులు తీరుతాయి. ఒక పక్క రోడ్డు తవ్వుతుంటారు. మరొక పక్క కొత్త ఇళ్లకు పునాదులు తీస్తుంటారు. 1969లో నగరమైన ఈ ఊరు ఇంకా పెరుగుతూనే ఉన్నది. మీరు చదివే బడి, మీ అమ్మానాన్నలు సరుకులు తెచ్చే అంగడి, టాఫ్ట్ రోడ్డులోని వేంకటేశ్వరస్వామి గుడి, ఇవన్నీ ఎవరో ఎండలో నిలబడి కట్టినవే గదా! ఆ కట్టేవారి క్షేమాన్ని గురించి ఈనాడు మీకు నాలుగు మాటలు చెబుతాను.

అమెరికాలో కట్టడాల పనిలో ఏటా దాదాపు 1,000 మంది ప్రాణాలు కోల్పోతున్నారు. ఇటువంటి వార్త వినగానే మన పెద్దవాళ్లు కొందరు “పాపం, వాడి రాత అలా ఉన్నది” అని నిట్టూరుస్తారు. నిజంగా అది రాతేనా? జరిగిన సంగతి ఒకటి చెబుతాను. విని మీరే తేల్చండి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో సముద్రపు పాయ మీద గోల్డెన్ గేట్ వంతెన పని 1933లో మొదలైంది. ఆ రోజుల్లో 10 లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం పోవడం మామూలేనని లెక్క వేసుకునేవారు. ఈ వంతెన ఖర్చు సుమారు 3 కోట్ల 50 లక్షల డాలర్లు. అంటే 35 మంది పోతారని ముందుగానే అనుకోవాలన్నమాట! ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఈ లెక్కకు తల ఒగ్గలేదు. పనివారందరూ తలకు గట్టి టోపీ పెట్టుకోవాలన్నాడు. వంతెన అడుగున పెద్ద వల కట్టించాడు. దానికి లక్ష డాలర్లకు పైగా ఖర్చయింది. పని సాగుతుండగా 19 మంది కాలుజారి పడ్డారు. ఆ 19 మందినీ వల పట్టుకున్నది. వారందరూ బ్రతికారు.

అయితే 1937 ఫిబ్రవరి 17న వంతెన అడుగున వేలాడదీసిన బరువైన పరంజా ఊడి వలమీద పడింది. వల చిరిగిపోయింది. ఒక్కసారిగా 10 మంది చనిపోయారు. అంతకుముందు పోయిన ఒకరితో కలిపి మొత్తం 11 మంది. వల ఉన్నది గదా అని పరంజా బిగింపులను ఏమరరాదని ఆ రోజు నేర్పింది. ఒక రక్షణ ఉన్నా రెండవదాన్ని విడువరాదు. ఇప్పుడు చెప్పండి. ఆ 19 మంది రాత మారిందా? లేదు, కింద వల ఉన్నది, అంతే!

మీ తాతల కాలంలో కృష్ణానదిపై నాగార్జునసాగర్ కట్టారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. అది రాతితో కట్టిన ఆనకట్ట. వేలాదిమంది స్త్రీలూ పురుషులూ రాళ్లను, తట్టలను తలమీద పెట్టుకొని పైకి మోశారు. చాలామంది తలమీద చుట్టకుదురే గాని గట్టి టోపీ లేదు. పాలమూరు జిల్లా కూలీలైతే దేశమంతటా తిరిగి ఆనకట్టలు కట్టినవారు. వారు కట్టిన కాలువల నీటితో ఎన్నో పొలాలు పండాయి. అటువంటివారి క్షేమం కోసం మన దేశంలో 1996లో చట్టం వచ్చింది. అమెరికాలో 1970లోనే చట్టం చేశారు. మిషిగన్ తన సొంత చట్టాన్ని 1974లో చేసుకున్నది.

అమెరికాలోని నియమాలు ఏమి చెబుతాయి? ముఖ్యమైనవి మాత్రం వినండి.

మొదటిది, పడిపోవడం. ఈ పనిలో ఎక్కువ ప్రాణాలు తీసేది ఇదే. 6 అడుగులు, అంతకు మించిన ఎత్తున పనిచేసేచోట అడ్డుకమ్మి గాని, వల గాని, ఒంటికి బిగించిన పట్టీలకు తాడు గాని ఉండాలి. నిచ్చెనకు ఒక లెక్క ఉన్నది. అది ఆనిన చోటు 16 అడుగుల ఎత్తున ఉంటే, దాని కాలు గోడకు 4 అడుగుల దూరంలో ఉండాలి. మరి 20 అడుగులైతే? మీరే చెప్పండి.

రెండవది, మట్టి. గుంటలో దిగినవానికి మట్టి మెత్తగానే కనిపిస్తుంది. కాని గజం పొడవు, గజం వెడల్పు, గజం లోతు మట్టి ఒక చిన్న కారంత బరువు ఉంటుంది. అది ఛాతీ మీద పడితే ఊపిరి ఆడదు. అందుకే 5 అడుగుల లోతు దాటితే గోడలు కూలకుండా ఆపు పెట్టాలి.

మూడవది, కరెంటు. పైనున్న తీగలకు కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. నేలలోని తీగలు కనబడవు. అందువలన తవ్వకముందే 811 నంబరుకు ఫోను చేయాలి. అప్పుడు మనుషులు వచ్చి పచ్చికలో చిన్న జెండాలు నాటుతారు. ఎరుపు కరెంటుకు, పసుపు గ్యాసుకు, నీలం మంచినీటికి, ఆకుపచ్చ మురుగునీటికి, నారింజ టెలిఫోను తీగలకు గుర్తులు. వాటిని ఆటకైనా పీకకండి. ఒక జెండా పీకితే ఒకరి ప్రాణానికి అపాయం.

నాలుగవది, ఎండ, దుమ్ము. దాహం వేసేదాకా ఆగకుండా తరచు నీళ్లు తాగాలి, నీడన విశ్రమించాలి. ఎండదెబ్బ ఎక్కువగా తగిలేది కొత్తగా చేరినవారికే. వారికి మొదటి రోజుల్లో పని తగ్గించాలి. రాయిని, సిమెంటును కోసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. దానికి మందు లేదు. నీళ్లు చల్లుతూ కోస్తే దుమ్ము అణుగుతుంది.

ఇన్ని నియమాలున్నా, అవి అర్థంకాని భాషలో ఉంటే ఏమి లాభం? కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్లి ఆకాశాన్నంటే మేడలు కట్టారు. అక్కడి బోర్డులు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటాయి. చదవలేనివానికి “అపాయం” అన్న బోర్డు ఒట్టి రంగురేకు మాత్రమే. అందుకే అమెరికాలో పనివానికి అర్థమయ్యే భాషలోనే శిక్షణ ఇవ్వాలని ప్రభుత్వం చెబుతుంది. మాతృభాష పాటలకూ పద్యాలకూ మాత్రమే కాదు, ప్రాణం కాపాడడానికి కూడా పనికివస్తుంది.

కాబట్టి పిల్లలూ, మీరు చేయగల పనులు ఉన్నాయి. కట్టడం జరిగేచోట ఆడుకోవద్దు. మట్టిగుట్టలు ఎక్కవద్దు. గుంటల అంచున నిలబడవద్దు. మీ ఇంటికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య సాయంత్రం నడకకు బయలుదేరితే వెంట వెళ్లండి. దారిలో కనిపించే బోర్డులు చదివి తెలుగులో చెప్పండి. “ఇక్కడ తవ్వుతున్నారు, ఇటు రాకండి తాతయ్యా” అన్న ఒక్క మాట చాలు.

రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు మేస్త్రీలవుతారు. పని పురమాయించేముందు “కింద వల ఉన్నదా?” అని అడగండి. లేకపోతే పని ఆపించండి. రాత అని నిట్టూర్చేకంటె అదే మేలు.

ఆలోచించి చెప్పండి

1. గోల్డెన్ గేట్ వంతెన కింద వల ఎందుకు కట్టారు? అది ఒకనాడు ఎందుకు చాలలేదు?
2. మీ వీధిలో కనిపించే రంగుల జెండాల అర్థం ఏమిటి?
3. మీరు చూచిన మూడు హెచ్చరిక బోర్డులను తెలుగులో రాయండి.