పశువుల పాకలో దోమల లెక్క

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షుల, కార్యదర్శుల సమావేశంలో విస్తరణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాడి రైతుల సమావేశంలో దోమల ప్రసంగం ఏమిటని మీలో కొందరు అనుకుంటూ వుండవచ్చు. మేము పశువైద్య విస్తరణ విభాగం వాళ్లం. గాలికుంటు టీకాలు, చూడి పరీక్షలు, దాణా మోతాదులు మా పని. మనుషుల జ్వరాలు చూడడానికి వేరే శాఖ వుంది. అయినా ఈసారి ఈ విషయం ఎత్తుకోక తప్పలేదు.

కిందటి వర్షాకాలంలో మన రూటులోని ఒక గ్రామానికి పొద్దుగూకే వేళ యిద్దరు మనుషులు వచ్చారు. చేతుల్లో టార్చిలైటు, రబ్బరు గొట్టం తగిలించిన గాజు నాళం, దూది బిరడా పెట్టిన చిన్న సీసాలు. గొడ్ల పాకల్లో గోడల మీదా, వాసాల కిందా వాలిన దోమలను ఆ గొట్టంతో పీల్చి పట్టుకుంటామన్నారు. కొత్తవాళ్లు చీకట్లో పాకలో దూరితే గేదె బెదురుతుంది, మర్నాడు చేపదు అని మన సభ్యులు వారిని వెనక్కు పంపేశారు. గొట్టంతో ఏదో మందు వూదుతారేమోనని ఒకాయన కర్ర కూడా తీశాడట. వాళ్లు పక్క ఊరికి వెళ్లిపోయారు. ఆ నెల పట్టికలో మన ఊరి పేరుకు ఎదురుగా ఒక గీత మిగిలింది.

మూడు వారాల తర్వాత అదే వీధిలో ముగ్గురు పిల్లలు జ్వరంతో పడ్డారు. ముగ్గురూ కోలుకున్నారు. ఆ వేళ దోమలను పట్టనిచ్చి వుంటే జ్వరాలు రాకపోయేవని మేము చెప్పడం లేదు. అది అంత తేలిక కాదు. కాని ముందుగా ఏమైనా తెలిసేదా అని తల్లిదండ్రులు అడిగితే, చూపించడానికి కాగితం లేకపోయింది. ఇందులో తప్పు సభ్యులది కాదు, మాది. వాళ్లు వస్తారని మాకు ముందే కబురు వచ్చింది. సంఘానికి తెలియజేయడం మరిచాము.

దోమల లెక్కకు పశువుల పాకే ఎందుకని అడుగుతారు. మన పల్లెల్లో మలేరియాను మోసే ముఖ్యమైన దోమ అనాఫిలస్ క్యూలిసిఫేసిస్. దానికి మనిషి రక్తం కంటే పశువు రక్తం మీద మక్కువ ఎక్కువ. రాత్రి కుట్టి, తెల్లవారేసరికి పాకలోనే చీకటి మూల చూసుకొని వాలుతుంది. గోడమీద తల కిందకు వంచి తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చున్న దోమ కనిపిస్తే అది అనాఫిలస్ జాతిదని గుర్తు పట్టవచ్చు. మెదడువాపు జ్వరాన్ని మోసే క్యూలెక్స్ దోమ గోడకు సమాంతరంగా కూర్చుంటుంది. అది వరి మళ్లలో నిలిచిన నీటిలో పుట్టి, పొద్దుగూకగానే పశువుల మీదికి వస్తుంది. అందుచేత ఒక ఊరిలో ఏ దోమ ఎంత వుందో తెలుసుకోవాలంటే పాకను మించిన చోటు లేదు. ఒక మనిషి ఒక గంటసేపు వెతికితే ఎన్ని ఆడదోమలు దొరికాయన్నదే వారి లెక్క. ప్రతి నెలా అదే ఊళ్లో, అదే పాకల్లో, అదే వేళకు పట్టాలి. అప్పుడే పోయిన నెలతో, పోయిన ఏడుతో పోల్చడానికి వీలవుతుంది. పట్టిన దోమ కడుపులో వున్నది పశువు రక్తమా మనిషి రక్తమా అన్నది కూడా ప్రయోగశాలలో తేలుస్తారు. దోమ కడుపు కోసి చూడడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో మొదట చూసింది సికింద్రాబాదులోనే.

జ్వరాల లెక్క సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మలేరియాను పూర్తిగా నిర్మూలించాలని 1958లో దేశమంతటా కార్యక్రమం మొదలైంది. కార్యకర్త పక్షం రోజులకు ఒకసారి ప్రతి గడపకూ వచ్చి, జ్వరం వున్నవారి వేలు గుచ్చి రక్తం గాజుపలక మీద తీసుకొనేవాడు. 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు సుమారు లక్షకు దిగాయి. ఇక పోయిందిలే అనుకున్నారు. ఆ తర్వాత మందు చల్లడం సన్నగిల్లింది, డి.డి.టి.కి దోమలు లొంగకుండా పోయాయి, గడప గడపకూ తిరగడం చాలాచోట్ల కాగితాల మీదికి చేరింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. 1977లో పథకాన్ని సవరించి, ఏ ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మందిలో యిద్దరికో అంతకు మించో మలేరియా తేలుతుందో అక్కడ మందు చల్లాలని నిర్ణయించారు.

ఈ చివరి మాట పాల సంఘాల వారికి బాగా అర్థమవుతుంది. మన కేంద్రంలో నమూనా తీసి పరీక్ష చేయకుండా పాలకు వెన్న శాతం కట్టగలమా? నమూనా తీయని పాలకు వెన్న లేదని రాస్తే మీరు ఊరుకుంటారా? జ్వరాల విషయంలో అదే జరుగుతూ వుంటుంది. రక్తం తీయని ఊరి పేరు పక్కన సున్నా పడుతుంది. పరీక్ష చేసి మలేరియా లేదని తేల్చిన సున్నా వేరు, అసలు పరీక్షే చేయని సున్నా వేరు. పట్టికలో రెండూ ఒకేలా వుంటాయి. అందుకే వంద మంది జనాభాకు ఏడాదిలో కనీసం పది రక్త పరీక్షలు జరగాలని లెక్క పెట్టారు. ఏ జిల్లా పట్టిక చూసినా ముందు ఆ అంకె చూసి, తర్వాత కేసుల అంకె చూడాలి. జ్వరాన్ని దాచుకొని మందుల దుకాణంలో రెండు బిళ్లలు కొనుక్కొన్న ఊరు, పై అధికారుల దృష్టిలో ఆరోగ్యవంతమైన ఊరు. దానికి మందు చల్లే బండీ రాదు, దోమతెరలూ రావు. ఇప్పుడు దేశంలో మలేరియా కేసులు బాగా తగ్గాయి. 2030 నాటికి లేకుండా చేయాలన్నది లక్ష్యం. కేసులు తక్కువైన కొద్దీ వెతకడం ఎక్కువ కావాలి. 1965 తర్వాత జరిగింది దానికి విరుద్ధం.

ఇక మెదడువాపు. మన దేశంలో ఈ జపనీస్ మెదడువాపు 1955లో మన పొరుగునే, తమిళనాడులోని వెల్లూరు ప్రాంతంలో మొదట బయటపడింది. వైరస్ కొంగలు, కొక్కెరల్లోనూ, పందుల్లోనూ పెరుగుతుంది. ఆవు, గేదె శరీరంలో దోమకు తిరిగి అంటుకునేంతగా పెరగదు. పాల ద్వారా ఈ జబ్బు రాదు. ఈ రెండు మాటలు మీరు ఊళ్లో గట్టిగా చెప్పాలి. పుకారు పుడితే మొదట పడిపోయేది పాల అమ్మకమే.

అయితే పశువుకు ఇందులో పాత్ర లేదని కాదు. మనిషిని కుట్టవలసిన దోమను అది తనవైపు లాక్కుంటుంది. అదే సమయంలో దోమలకు కడుపునిండా రక్తమిచ్చి వాటి సంతతిని పెంచుతుంది. ఏది ఎక్కువన్నది ఊరిని బట్టి, పాకకూ పడకకూ వున్న దూరాన్ని బట్టి వుంటుంది. పాక వసారాలోనే పిల్లలను పడుకోబెట్టడం మాత్రం మంచిది కాదు. తప్పనిసరైతే దోమతెర కట్టాలి. పశువు రక్తం ముందస్తు హెచ్చరికగానూ పనికివస్తుంది. తమిళనాడు కడలూరు జిల్లా గ్రామాల్లో మేకల రక్తాన్ని తరచు పరీక్షిస్తూ, కొత్తగా వైరస్ సోకిన గుర్తు ఎప్పుడు కనిపిస్తుందో చూశారు. అలాంటి నమూనాల కోసం ఎవరైనా వస్తే, రక్తం తీస్తే పశువు నీరసించిపోతుందని భయపడవద్దు. ఏ జబ్బు నిర్ధారణకైనా మేము తీసేది కూడా అంతే.

జబ్బు పేరు ఊహించి చెప్పకూడదని 2003 మనకు నేర్పింది. ఆ సంవత్సరం జూన్ నుంచి ఆగస్టు వరకు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాలలో, 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో పడిపోయారు. 183 మంది చనిపోయారు. చాలామంది జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. దోమల జబ్బే అనుకున్నవారు ఎందరో. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాలలో కనుగొన్నది మాత్రం చాందిపుర వైరస్. అది 1965లో నాగపూరు దగ్గర ఒక గ్రామంలో మొదట దొరికినది. దాన్ని మోసేది దోమ కాదు, మట్టిగోడల పగుళ్లలో, పశువుల పాకల్లో దాగే ఇసుక ఈగ అని భావిస్తారు. వరి మళ్ల మీద మందు కొడితే ఇసుక ఈగ చావదు. నమూనా వెళ్లకపోతే ఈ తేడా ఎవరికీ తెలిసేది కాదు. జపనీస్ మెదడువాపుకు టీకా వుంది. 2006 నుంచి జబ్బు వున్న జిల్లాలలో పిల్లలకు వేస్తున్నారు. చాందిపురకు టీకా లేదు.

సాయంత్రం వేపాకు పొగ పెట్టే అలవాటు మనకు వుంది. పశువుకు కొంత హాయిగా వుంటుంది, కాదనము. కాని పాకలో నుంచి వెళ్లిన దోమ ఊరు విడిచి పోదు, పక్కింటికి పోతుంది. దోమలు పట్టేవారు వచ్చే రోజున మాత్రం పొగ పెట్టవద్దు. ఆనాటి లెక్క తప్పుతుంది. ఇంట్లో, పాకలో మందు చల్లేటప్పుడు పశువులను బయట కట్టి, మేత, దాణా, పాల క్యాన్లు తప్పక బయట పెట్టాలి. డి.డి.టి. వంటి మందు కొవ్వులో నిలుస్తుంది, వెన్నలోకి దిగుతుంది. నీళ్ల తొట్టిని వారానికి ఒకసారి ఖాళీ చేసి అంచులు పీచుతో రుద్దాలి. డెంగ్యూ దోమ గుడ్లు ఆ అంచునే అంటిపెట్టుకొని వుంటాయి.

సంఘం చేయగలిగిన పని ఒకటి వుంది. అది వేరే ఎవరికీ సాధ్యం కాదు. ఊళ్లో ఎవరి పాలు ఎన్ని రోజులుగా రావడం లేదో తెల్లవారేసరికి తెలిసేది మన కార్యదర్శికే. గేదె వట్టిపోయిందా, ఇంట్లో ఎవరైనా మంచాన పడ్డారా అని ఆయన ఎలాగూ అడుగుతాడు. మంచాన పడ్డారంటే, జ్వరమేనా, ఎన్నాళ్లయింది, మూర్ఛ గాని మగత గాని వుందా అని మరో రెండు మాటలు అడగమంటున్నాము. జ్వరమైతే ఆ పూటే ఆశా కార్యకర్తకు చెప్పాలి. ఆమె దగ్గర పావుగంటలో మలేరియా తేల్చే పట్టీ వుంటుంది. జ్వరంతో మూర్ఛ వచ్చిన బిడ్డను మాత్రం ఎవరి కోసమూ ఎదురు చూడకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. పాల రూటు జీపు అందుబాటులో వుంటే దాన్నే వాడండి. ఆ ట్రిప్పు ఆలస్యానికి సంజాయిషీ మేము అడగము.

దోమలు పట్టేవారికి నెలనెలా పాక తలుపు తెరిచే సభ్యులు ప్రతి సంఘం నుంచి యిద్దరు కావాలి. ఒకరి పాక వరి పొలాల వైపు, మరొకరిది ఊరి నడుమ వుంటే మంచిది. వారు వచ్చేటప్పుడు సంఘం మనిషి ఒకరు వెంట వుంటే గేదె బెదరదు, యజమానీ బెదరడు. ఆ యిద్దరి పేర్లు తీర్మానపు పుస్తకంలో రాసి, నకలు రేపటి ఉదయం పాల క్యాన్లతో పాటు రూటు బండిలో పంపండి. కిందటి ఏడు దోమలవాళ్లను వెనక్కు పంపిన గ్రామం నుంచి నకలు యివాళే మాకు అందింది. కర్ర తీసినాయన పేరే అందులో మొదట వుంది.