పాలు పడుటకు పంపు సాయం



తిరువూరులోనేమి, చుట్టుపట్ల పల్లెలలోనేమి, పురిటింట వినవచ్చే మాట ఒకటున్నది: "బాలింతకు పాలు పడలేదు, డబ్బాపాలు తెప్పించండి." ప్రేమతో అన్న మాటే అది. కాని తొందరపడి దానిని ఆచరిస్తే ఉన్న పాలు కూడ తగ్గిపోయే ప్రమాదమున్నది.

కట్టలేటి ఇసుకలో తీసిన చెలమను చూడండి. తోడినకొద్దీ నీరూరుతుంది. చనుబాల తీరూ అంతే. బిడ్డ కుడిచినప్పుడు తల్లి శరీరంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను వెలువడి పాలను తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ అనే మరొకటి ఆ పాలను వెలుపలికి పంపుతుంది. రొమ్ములో పాలు నిలిచిపోతే తయారీ మందగిస్తుంది. పోతపాలతో కడుపు నిండిన బిడ్డ తల్లివద్ద తక్కువగా కుడిస్తే జరిగేది ఇదే.

కనుక మొదటి ఉపాయం బిడ్డయే. రేయింబవళ్లలో 8 నుండి 12 సార్లు పాలివ్వాలి. నెలలు నిండక పుట్టిన బిడ్డకు, గట్టిగా చప్పరించలేని బిడ్డకు ఆ శక్తి చాలదు. అట్టి సమయంలో పంపు అక్కరకు వస్తుంది. స్వీడను దేశస్థుడు ఎయినార్ ఎగ్నెల్ 1956లోనే ఆసుపత్రులకు తగిన విద్యుత్ పంపును రూపొందించాడు. నేడు చేతితో నడిపేవి కూడ దొరుకుతున్నవి. తొలి రోజుల ముర్రుపాలు కొద్ది చుక్కలే గనుక వాటిని చేతితో పిండుటయే మేలు.

బిడ్డ కుడిచిన పిమ్మట ఒక్కొక్క వైపు 10, 15 నిమిషాలు పంపు వాడాలి. బిడ్డ బొత్తిగా కుడవలేనప్పుడు రోజుకు 8 సార్లకు తగ్గరాదు, రాత్రివేళ మానరాదు. నొప్పి కలిగితే గరాటు కొలత సరిపోలేదని, లేదా పీడనం ఎక్కువైనదని గ్రహించాలి. వాడిన ప్రతిసారీ భాగాలను సబ్బుతో, వేడినీటితో కడగాలి. పిండిన పాలను శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు.

మొదట సీసా అడుగు తడిసినంతే పాలు వస్తే దిగులు వలదు. ఫలితం కనబడుటకు కొన్ని దినాలు పడుతుంది. సీసాలోని పాలు తల్లి శక్తికి కొలత కాదు. అయిదవ దినం దాటిన బిడ్డ రోజుకు 6 సార్లయినా మూత్రం పోయుట, బరువు పెరుగుట, ఇవే కొలతలు. ఇవి లోపిస్తే ఆలస్యం చేయక వైద్యులకు చూపాలి. వారు పోతపాలు అవసరమంటే ఇవ్వండి. అది తల్లి తప్పు కాదు. అయితే పాలు పిండుట మాత్రం ఆపరాదు.

ఇంటి పెద్దలకొక విన్నపం. "నీకు పాలు లేవు" అనకండి. ఆమె పంపు పట్టుకొని కూర్చున్న ఆ పావుగంట బిడ్డను మీరెత్తుకోండి.