మనస్సు లేని చూపు



గర్భాలయము ముందు నిలిచినప్పుడు మన జ్ఞానేంద్రియములైదింటికిని పని కలుగుచున్నది. కంటికి హారతి వెలుగు, చెవికి ఘంటానాదము, ముక్కునకు కర్పూర పరిమళము, నాలుకకు తీర్థము, శిరస్సున శఠారి స్పర్శ. పెద్దల ఏర్పాటు ఎంత నిండుగా నున్నదో చూడుడు! అయినను ఇవన్నియు మన లోనికి చేరుచున్నవా?

ఇంద్రియములు వార్తాహరులు మాత్రమే. మనస్సు వేరొకచోట నున్నచో ఎదుటనున్నదియు కనబడదని, చెంత పలికినదియు వినబడదని బృహదారణ్యకోపనిషత్తు గుర్తుచేయుచున్నది. కఠోపనిషత్తు ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గముగను, బుద్ధిని సారథిగను చెప్పినది.

శరీరశాస్త్రము చెప్పు విషయమొకటి వినుడు. కంటి వెనుకభాగమున చూపునరము బయలుదేరు చోట వెలుగును గ్రహించు కణములే లేవు. ప్రతి కంటిలోను ఈ గ్రుడ్డిచోటు కలదు. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు మారియట్ దీనిని కనిపెట్టెను. మరి మనకు లోకమున ఎక్కడను రంధ్రము కనబడదేమి? ఒక కంటి లోపమును రెండవ కన్ను తీర్చును. ఒక కన్ను మూసినను, చుట్టునున్న దానినిబట్టి మెదడు ఆ ఖాళీని తానే పూరించుకొనును. అనగా "నా కంటితో చూచితిని" అని ప్రమాణము చేయువాడు కూడ కొంత తానల్లుకొన్నదే చూచుచున్నాడు! త్రాటిని పామనుకొనుట ఎవరో అజ్ఞానికి మాత్రమే జరుగునది కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వైకుంఠ ఏకాదశి నాడు దర్శనపు వరుసలో నా ముందు చూపు పోయిన వృద్ధుడొకరు మనుమని భుజముపై చేయివేసి నిలిచియుండిరి. వెనుకనుండి ఎవరో, "కళ్ళు లేనివారికి ఈ తొక్కిసలాటలో దర్శనమెందుకండీ?" అనిరి. నాకును లోలోపల అట్లే తోచినది, దాచుట యెందుకు?

దర్శనమై వెలుపలికి వచ్చితిమి. ఆయన నా వైపు తిరిగి, "ఇవాళ స్వామికి మరువం మాల వేశారు గదా బాబూ! వాసన తెలిసింది. దానిలో కలిపి కట్టిన పూలేవి?" అని అడిగిరి.

హారతి వెలుగున స్వామిని రెండు కన్నులతో చూచి వచ్చినవాడను నేను. ఎంత తలచుకొన్నను మాల గుర్తునకు రాలేదు. ఆ సమయమున నా మనస్సు గోపురము వెలుపల విడిచిన క్రొత్త చెప్పులపై నుండెను. "చూడలేదండీ" అంటిని.

"పసుపుపచ్చ చామంతులు తాతా!" అనెను మనుమడు. ఆయన చేతులు జోడించి, ఆ రంగును తలచుకొనుచు కొంతసేపు అక్కడనే నిలిచిరి.