కొత్త ఇళ్ళకు నెట్టు కూడా అడగండి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను తాలీమ్ గురించి చెప్పమన్నారు. నేను నెట్టు తీగ గురించి చెబుతాను. రెండూ ఒకటే విషయమని మీరే ఒప్పుకుంటారు.

మన బస్తీల్లో అద్దె ఇళ్ళు వదిలి ఊరి చివరి కాలనీలకు పోతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. జక్కంపూడి చూడండి. టిడ్కో ఇళ్ళంటే కింద ఒకటి, పైన మూడు అంతస్తులు; 300, 365, 430 చదరపు అడుగులు. చూడబోయిన వాళ్ళు నీళ్ళొచ్చాయా, మీటరు పెట్టారా అని అడుగుతారు. న్యాయమే. నెట్టు సంగతి ఎవరూ ఎత్తరు. "ఫోను ఉందిగా" అంటారు. ఆ ఒక్క ఫోనూ పొద్దున్నే తండ్రితో పాటు ఆటోలో వెళ్ళిపోతుంది! 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు చూశాం గదా. సాయంత్రం ఫోను ఇంటికొస్తే ముందు అబ్బాయికి, మిగిలితే అమ్మాయికి.

ఉర్దూ మీడియం పిల్లలకు ఇది మరీ కష్టం. ఏలూరు రోడ్డు షాపుల్లో తెలుగు, ఇంగ్లీషు గైడ్లకు కొదవ లేదు, ఉర్దూవి వెతుక్కోవాలి. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఉర్దూ పాఠ్యపుస్తకాలు నెట్టులో ఉచితంగానే ఉన్నాయి.

మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను మూడూ అన్నారు. అది అప్పటి రేటు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు గనుక ఖర్చు తగ్గింది.

అయితే స్తంభం దాకా రావడం ఒక ఎత్తు, గుమ్మం దాకా రావడం ఒక ఎత్తు. ఆ చివరి ముక్క లాగేది మనకు తెలిసిన కేబుల్ ఆపరేటరే. అతని లెక్క వినండి. ఒక గాజు తీగను స్ప్లిట్టరనే చిన్న డబ్బాలో చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో ఇస్తారు. నలుగురు అడిగితే అతనికి గిట్టదు. ముప్పై మంది అడిగితే తనే వస్తాడు. కొత్త కాలనీలో సగం ఇళ్ళకు తాళాలు. జనం రావాలని అతను, సౌకర్యాలు రావాలని జనం!

గోడలు లేచేటప్పుడే మెట్ల పక్కన ఒక ఖాళీ పైపు వేయిస్తే, తర్వాత గోడలకు బెజ్జాలుండవు, గాలివానకు తెగే తీగలుండవు. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు 2024లో ట్రాయ్ తెచ్చింది. పెద్ద అపార్టుమెంట్ల వారికి అది ప్రచారానికి పనికొస్తుందేమో. మనకు ఆ పైపు చాలు.

తీగ ఉంటే అన్నీ ఉన్నట్టేనా? కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచింది. అలాంటప్పుడు కరెంటు పోతే ఇంట్లో నెట్టు పెట్టె కూడా ఆగిపోతుంది. ఫోను రీఛార్జి మానెయ్యమని నేననను.

నెట్టుతో పిల్లలు చెడిపోతారని కొందరు పెద్దల భయం. చెడిపోవడానికి నాన్న ఫోను చాలదా? నలుగురూ తిరిగే గదిలో పెట్టిన తెర నయం కదండీ.

సంఘాన్ని నేను డబ్బు అడగడం లేదు. కొత్త కాలనీలకు వెళ్ళే వాళ్ళ పేరు, బ్లాకు, అంతస్తు, చదివే పిల్లలెందరు, ఇవి ఒక పుస్తకంలో రాద్దాం. మన వాళ్ళవే కాదు, ఆ బ్లాకులో అందరివీ. స్ప్లిట్టరు ఎవరి ఇల్లని అడగదు. ఆ పుస్తకం పట్టుకుని ముందు ఆపరేటరు దగ్గరికి, తర్వాత అధికారుల దగ్గరికి వెళ్దాం. పుస్తకం బయట బల్ల మీద ఉంది. భోజనాలకు ముందే రాయండి, తర్వాత ఎవరూ ఆగరు.