విత్తనం మారితే వేల్పు మారుతుందా? కోయల పంట, పండుగ, మతం

నేను ఎనుమాముల నుంచి మాట్లాడుతున్నా. వరంగల్ పక్కనే ఉన్న మా ఊరు పేరు చెప్పగానే అందరూ మిర్చి యార్డు అంటారు. ఫిబ్రవరి, మార్చిలో వచ్చి చూడండి, ఎటు చూసినా ఎర్ర బస్తాలే. తేజ, వండర్ హాట్, 2025లో జీఐ ట్యాగ్ వచ్చిన మన చపాట, అన్నీ ఇక్కడికే వస్తాయి. ఆ బస్తాల్లో ములుగు, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కోయ రైతులవి కూడా ఉంటాయి.

ఈ రోజు టాపిక్ అక్కడి నుంచే మొదలవుతుంది. అడవిని నమ్ముకుని బతికిన మనుషులు మార్కెట్‌ని నమ్ముకుని బతకడం మొదలుపెడితే వాళ్ల దేవుళ్లు ఏమవుతారు? నేను కోయను కాదు. వాళ్ల తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. చదివింది, చూసింది మీ ముందు పెడతా. ఆలోచించడం మీ వంతు.

ముందు ఒకసారి సముద్రం దాటి వెళ్దాం. ఇండోనేషియాలో సుమత్రాకు పడమట మెంతవాయ్ అనే దీవులున్నాయి. అక్కడివాళ్లది ఆస్ట్రోనేషియన్ భాషా కుటుంబం. తైవాన్ నుంచి మడగాస్కర్ దాకా పరుచుకున్న పెద్ద కుటుంబం అది. మెంతవాయ్ వాళ్ల తిండి సాగో చెట్టు పిండి. పందులు పెంచుతారు. ఒక వంశమంతా కలిసే పెద్ద ఇంటిని ఉమా అంటారు. చెట్టుకీ, జంతువుకీ, నీటికీ ఆత్మ ఉంటుందని నమ్ముతారు. ఆ ఆత్మలతో మాట్లాడి రోగం నయం చేసే మనిషిని సికెరెయ్ అంటారు.

1954లో ఏం జరిగిందో తెలుసా? ఈ పాత నమ్మకం చెల్లదని అధికారులు తేల్చేశారు. క్రైస్తవమో, ఇస్లామో, ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. సికెరెయ్‌ల పూజా సామగ్రిని తగలబెట్టారు. సులవేసి దీవిలో తొరాజాలది ఇంకో కథ. వాళ్ల పాత ఆచారానికి 1969లో గుర్తింపు వచ్చింది, కానీ హిందూ ధర్మంలో ఒక శాఖగా. సొంత పేరుతో నిలబడే గడి ఫారంలో లేదు మరి. 2017లో అక్కడి రాజ్యాంగ కోర్టు, గుర్తింపు కార్డులో సంప్రదాయ నమ్మకాలను కూడా రాసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. అంటే మెంతవాయ్ నిషేధం తర్వాత 63 ఏళ్లకు!

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడ కోయల వేల్పుల్ని అలా ఎవరూ నిషేధించలేదు. ఒక్క రోజులో ఏదీ తగలబడలేదు. కానీ మార్పు మాత్రం వచ్చింది. అది గుడిలోంచి రాలేదు, చర్చిలోంచి రాలేదు. ముందు చేనులోంచి వచ్చింది.

ఎలాగో చూడండి. కోయ పండుగ అంటే తిథి, వారం చూసి చేసేది కాదు. తిండిని చూసి చేసేది. కోయ భాషలో పండుగను పండుం అంటారు. విజ్జ పండుం అంటే విత్తనాల పండుగ. వానలకు ముందు విత్తనాలు తెచ్చి వేల్పు ముందు పెట్టి, పూజ చేసి, ఆ తర్వాతే విత్తుతారు. కొత్త పండుగలు ఉంటాయి. కొత్త పంట ఏదైనా సరే, ముందు వేల్పుకి పెట్టాలి, పెద్దలకు పెట్టాలి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకోవాలి. ఇదంతా భక్తి మాత్రమే అనుకోకండి. కాయ ముదరకముందే తెంపకుండా, విత్తనం పాడు కాకుండా, ఒకడే ముందు దోచుకోకుండా ఊరు పెట్టుకున్న కట్టుబాటు కూడా ఇందులో ఉంది.

ఇప్పుడు సీన్ మార్చండి. పోడులో జొన్న, సామలు వేసిన చేతులు పత్తి, మిర్చి వేస్తున్నాయి. 2002లో బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది. దాని విత్తనం ఇంట్లో దాచుకునేది కాదు, ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. మిర్చిలో కూడా హైబ్రిడ్ అయితే అంతే. విత్తనం దుకాణం నుంచి వస్తుంది, మందు దుకాణం నుంచి వస్తుంది, అప్పు కూడా చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది. పంట వచ్చాక తినడానికి ఉండదు, బస్తాకెత్తి మా యార్డుకి తేవాలి. ధర ఎంతో ఆ రోజు పాట తేలుస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. విత్తనం ప్యాకెట్‌లో వచ్చినప్పుడు విత్తనాల పండుగకి ఏం తెస్తారు? పత్తిని తినలేం కదా, మరి కొత్త తినేది ఎలా? ఆ పండుగలు పోయాయని నేను అనడం లేదు. చాలా ఊళ్లలో ఇప్పటికీ చేస్తున్నారు. కానీ నిన్నటిదాకా బతుకుతెరువే పండుగ. ఇప్పుడు బతుకుతెరువు ఒకవైపు, పండుగ ఒకవైపు. మతం మారడం అంటే పేరు మారడం ఒక్కటే కాదు ఫ్రెండ్స్. ఆ మతానికి రోజువారీ పని లేకుండా పోవడం కూడా మార్పే.

"అయితే మళ్లీ పోడుకే పోవాలా?" అని మీరు అడగొచ్చు. నేను అలా అనను. పిల్లల చదువుకి, ఆస్పత్రికి డబ్బు కావాలి. మిర్చి వేయొద్దని యార్డు పక్కన కూర్చుని నీతులు చెప్పడం చాలా ఈజీ. అసలు సంగతి భూమి. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1/70 చట్టం ఉంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. భూమి చేతిలో ఉంటే ఏ పంట వెయ్యాలో, ఏ పండుగ చెయ్యాలో వాళ్లే తేల్చుకుంటారు. భూమి పోతే రెండూ ఇంకొకరు తేలుస్తారు.

ఇక మేడారం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర మనందరికీ తెలుసు. ఒకప్పుడు కోయల జాతర. 1996లో రాష్ట్ర పండుగైంది. ఇప్పుడు కోటి మందికి పైగా వస్తున్నారని అంచనా. మనం నిలువెత్తు బంగారం అని బెల్లం తూకం వేయిస్తాం. అదే బెల్లంతో గుడుంబా కాస్తారని అమ్మేవాళ్లు ఆధార్ అడిగే రోజులొచ్చాయి. దుకాణాలు, బస్సులు, వీఐపీ పాసులు, అన్నీ పెరిగాయి.

కానీ లోపల ఏం మారలేదో చూడండి. సారలమ్మ ఇప్పటికీ కన్నెపల్లి నుంచే వస్తుంది. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. రెండో రోజు సమ్మక్క చిలకలగుట్ట దిగుతుంది. విగ్రహం లేదు. కుంకుమ భరిణె, వెదురు, అంతే. తెచ్చేది కోయ పూజారులు. ఆమె గుట్ట దిగుతున్నప్పుడు పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి స్వాగతం చెబుతారు. ఏ రాజ్యం మీద పోరాడి ఆమె నెత్తురు చిందించిందని కథ చెబుతుందో, ఆ రాజ్యం స్థానంలో ఇవాళ ఉన్న ప్రభుత్వం ఆమెకి సెల్యూట్ చేస్తోంది. గెలుపు అనాలా, కలిపేసుకోవడం అనాలా? నాకైతే రెండూ కనిపిస్తాయి.

ఆ కథని పడిగె ముందు నిలబడి పాడేది డోలి కళాకారులు. పడిగె అంటే వంశాల కథలకు బొమ్మలున్న గుడ్డ. వాళ్లలో ఒకరు, మణుగూరు దగ్గరి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. రాసి పెట్టుకున్న గ్రంథం కాదు అది, గొంతులో ఉన్న చరిత్ర. గొంతు ఆగితే పేజీలు పోయినట్టే.

క్రైస్తవం సంగతి కూడా చెప్పాలి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 1860ల్లోనే మిషన్ మొదలైంది. బడి, మందు, ప్రార్థన కలిసి వచ్చాయి. అటువైపు వెళ్లిన కోయ కుటుంబాలున్నాయి, హనుమంతుడి గుడి కట్టుకున్న గూడేలున్నాయి. ఎవరి కారణాలు వాళ్లవి. తప్పు పట్టడానికి మనం ఎవరం? నేను అడిగేది ఒక్కటే. ఎంచుకునేటప్పుడు వాళ్ల పాత దారికి కూడా ఒక పేరు, ఒక గౌరవం ఉందా?

ఇప్పుడు అసలు పాయింట్. 2027లో జనగణన వస్తోంది. 2011 లెక్కల్లో ఆరు పెద్ద మతాలు కాకుండా "ఇతరులు" కింద దాదాపు 79 లక్షల మంది ఉన్నారు. అందులో సర్నా అని రాయించుకున్నవాళ్లే 49 లక్షల పైచిలుకు. గోండు మతం అని రాయించుకున్నవాళ్లు పది లక్షల పైన. సర్నాకి ప్రత్యేక గడి కావాలని జార్ఖండ్ అసెంబ్లీ 2020లో తీర్మానం కూడా చేసింది. మరి సమ్మక్కని గుట్ట మీది నుంచి తెచ్చే మనిషి ఆ ఫారంలో ఏం రాయించాలి? హిందువు అనుకుంటే హిందువని రాయించాలి, క్రైస్తవుడైతే క్రైస్తవుడని. "మాది వేల్పుల దారి" అనుకుంటే అదే చెప్పాలి. మెంతవాయ్‌లో జనాన్ని ఎంచుకోమని బలవంతం చేశారు. మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. అడగకుండానే ఎవరో ఒక గడిలో టిక్ పెట్టేస్తారు.

కాబట్టి ఈ వీడియో చూస్తున్న కోయ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీ చేతిలో ఫోన్ ఉంది. మీ తాత, అవ్వ దగ్గర కూర్చోండి. మీ ఇంటి వేల్పు ఎవరు, మీరు ఎన్నో గట్టు, ఏ పంటకి ఏ కొత్త చేసేవాళ్లు, అడిగి రికార్డ్ చేయండి. వీలైతే కోయలోనే. మిగతావాళ్లకు ఇంకో మాట. మేడారం వెళ్తే రీల్ తీసుకోండి, కాదనను. కానీ చిలకలగుట్ట ఎక్కొద్దంటే ఎక్కొద్దు. కోటి మంది వచ్చినా ఆ గుట్ట ఇంకా వాళ్లదే అని చెప్పే గీత అది.

మీ ఊళ్లో పంట మారాక ఏ పండుగ తగ్గిపోయిందో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతా. నచ్చితే నలుగురికి షేర్ చేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.