ఏవి మోయాలి? ఏవి విడవాలి?



దూరదేశాలకు వెళ్లి, అక్కడి దృశ్యాలను ఫిల్ము మీదికెక్కించి మనకు తెచ్చి చూపేవారున్నారు. మనం ఇంట్లో కూర్చొని మంచుకొండలు చూసి ఆనందిస్తాము. అవి మన కన్నులకు చేరడానికి వారు ఏమి వదులుకున్నారో మనకు కనబడదు. అలాంటి ఒకరి అనుభవాన్ని ఈ పూట ధ్యానించుకుందాము.

ఆయన పేరు ఫ్రాంక్ హర్లీ, ఆస్ట్రేలియా దేశస్థుడు. 1914లో ఎర్నెస్ట్ షాకిల్టన్ నాయకత్వంలో ఎండ్యూరెన్స్ అనే ఓడ దక్షిణ ధ్రువ ఖండానికి బయలుదేరింది. హర్లీ దానిలో సినిమా కెమెరాతో, గాజు పలకల మీద ఫోటోలు తీసే కెమెరాతో వెళ్లాడు. 1915 జనవరిలో ఆ ఓడ వెడ్డెల్ సముద్రపు మంచులో చిక్కుకుంది. అక్టోబరు 27న, ఓడ నలిగిపోతుండగా 28 మందీ మంచుమీదికి దిగిపోయారు.

హర్లీ తీసిన చిత్రాలన్నీ, మూతలు అతికించిన రేకు డబ్బాలలో, నీరు నిండిన ఓడలోనే ఉండిపోయాయి. కొద్ది దినాల తరువాత అతడు తిరిగి వెళ్లి, బట్టలు విప్పి, గడ్డకట్టే నీళ్లలో మునిగి వాటిని పైకి తీశాడు. ప్రాణానికి తెగించి తెచ్చుకున్నవాటిని ఎవరైనా విడుస్తారా?

విడవవలసి వచ్చింది. ముందున్న ప్రయాణం చిన్న పడవలలో. ఒక్కొక్కరికి సొంత సామాను రెండు పౌన్లు, అంటే కిలోకు లోపే. షాకిల్టన్ తానే బంగారు నాణేలను మంచుమీద పారవేశాడు. రాణి అలెగ్జాండ్రా ఇచ్చిన పెద్ద బైబిలును కూడా అక్కడే ఉంచి, 23వ కీర్తన ఉన్న పేజీని, మంచును గూర్చి దేవుడు యోబును ప్రశ్నించిన పేజీని తీసుకున్నాడు. తరువాత అతడూ హర్లీ కూర్చొని గాజు పలకలను ఒక్కొక్కటిగా చూశారు. సుమారు 120 ఉంచుకున్నారు. సుమారు 400 పలకలను అక్కడే పగులగొట్టారు. మనసు మారి మళ్లీ ఏరుకోకూడదని!

ప్రియులారా, మూడు సంగతులు గమనించండి.

మొదటిది, పగిలినవి చెడ్డ చిత్రాలు కావు. చెత్తను పారవేయడం ఎవరికైనా సులువే. మంచివాటిలో నుండి మరి అవసరమైనవాటిని ఎంచుకోవడమే కష్టం. సంఘంలో మీకున్న పదవి మంచిదే. కానీ అది మీ ఇంటివారికి ఇవ్వవలసిన సమయాన్ని మింగివేస్తుంటే?

రెండవది, విడిచినదానిని పగులగొట్టారు. మనమైతే విడిచాము అంటాము గాని దాచిపెట్టుకుంటాము. అన్నదమ్ముల గట్టు తగాదా తీరిపోయింది, ప్రార్థన చేసి చేతులు కలిపారు. అయినా ఆ పాత కాగితాలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఎందుకు? మళ్లీ ఎప్పుడైనా పనికొస్తాయని! లోతు భార్య కాళ్లు సొదొమ విడిచాయి, మనసు విడువలేదు.

మూడవది, హర్లీ పెద్ద కెమెరాలను విడిచినా, జేబులో పట్టే చిన్న కెమెరాను, మూడు ఫిల్ము చుట్టలను ఉంచుకున్నాడు. రాబోయే దినాలలోనూ చూడదగినది ఉంటుందని అతనికి నిరీక్షణ. ఆ చిన్న కెమెరాతోనే ఎలిఫెంట్ ద్వీపంలో, బోర్లించిన పడవల క్రింద నాలుగు నెలలకు పైగా ఎదురుచూసినవారి ఫోటోలు తీశాడు.

1916 ఆగస్టు 30న యెల్చో అనే చిన్న ఓడ వచ్చింది. ఆ 28 మందిలో ఒక్కరూ నశించలేదు. హర్లీ ఫిల్ము 1919లో ‘సౌత్’ అను పేరుతో ప్రదర్శించబడింది. 2022లో ఎండ్యూరెన్స్ ఓడ సుమారు 3,000 మీటర్ల లోతున కనబడింది. ఓడ అడుగున ఉంది. అతడు మోసుకొచ్చిన చిత్రాలు మన కన్నుల ముందున్నాయి.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయం మన పరుగుకు అడ్డుపడే ప్రతి భారమును విడువమని హెచ్చరిస్తుంది. ఈ రాత్రి నిద్రించకముందు మీ మూట ఒకసారి విప్పి చూడండి. బీరువాలో ఆ కాగితం ఉంటే, బయటకు తీసి చింపివేయండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.